బ్రౌనీ వైజ్: మా ఇంట్లో వద్దన్న ఇల్లాళ్లనే ఆతిథేయులుగా మార్చిన మహిళ

అండమాన్ దీవుల్లోని సిప్పీఘాట్‌లో గాలి ఏడాదిలో చాలా నెలలు తడిగానే ఉంటుంది. ఇప్పుడు శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సమీపంలో, సముద్రపు పాయను ఆనుకుని ఉన్న ఊరిది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తర్వాత ఇక్కడి పల్లపు పొలాల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. బెంగాలీ, హిందీ, తమిళాలతో పాటు తెలుగు కూడా వినిపించే ఈ దీవుల్లో, మూత సరిగా పడని డబ్బాలో అప్పడాలు పెడితే మెత్తబడిపోతాయి. కందిపప్పుకు చెమ్మ పడుతుంది. గాలి చొరబడని డబ్బా అవసరమని ఇక్కడి ఇల్లాలికి ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు.

అయితే అదే ఇల్లాలిని, ఒక సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లను మీ ఇంటికి పిలవండి, మేము వచ్చి డబ్బాలు చూపిస్తాం అని ఎవరైనా అడిగారనుకుందాం. జవాబు వేరుగా ఉంటుంది. ఇల్లు ఇరుకంటారు. ఆయనకు నచ్చదంటారు. మా వాళ్లెవరూ కొనరంటారు. పండుగ వెళ్లాక చూద్దామంటారు. డబ్బా బాగాలేదని మాత్రం ఎవరూ అనరు.

ఇళ్లలో చిన్న సమావేశాలు పెట్టి సరుకు అమ్మే వ్యాపారంలో దీనిని బుకింగ్ అభ్యంతరం అంటారు. వస్తువు కొనడానికి కాదు, ఇల్లు ఇవ్వడానికి ఎదురయ్యే సంకోచమిది. ఈ సంకోచం ఎక్కడి నుంచి పుడుతుందో బాగా ఎరిగి, దాని మీద ఒక పెద్ద వ్యాపారాన్ని నిలబెట్టిన అమెరికా మహిళ పేరు బ్రౌనీ వైజ్. ప్లాస్టిక్ డబ్బాల ప్రపంచంలో టప్పర్‌వేర్ పేరు తెలియనివారు అరుదు. ఆ పేరును ఇంటింటికీ చేర్చిన ఆమెను మాత్రం చాలాకాలం పాటు ఆ కంపెనీయే మరచిపోయింది.

టోపీలు కుట్టే తల్లి, ఊహల్లోని ఇల్లు

బ్రౌనీ మే హంఫ్రీ 1913 మే 25న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, బ్యూఫర్డ్‌లో జన్మించారు. తండ్రి ప్లంబర్. తల్లి రోజబెల్ టోపీలు తయారుచేసే కార్మికురాలు, ఆ కార్మికుల సంఘంలో చురుకైన కార్యకర్త. తల్లిదండ్రులు విడిపోయారు. సంఘం పనిమీద తల్లి ఊళ్లు తిరుగుతుంటే, బ్రౌనీ బాల్యంలో ఎక్కువ భాగం బంధువుల ఇంట గడిచింది. బడి చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. కొంత వయసు వచ్చాక తల్లితో పాటు తిరుగుతూ కార్మికుల సభల్లో మాట్లాడటం నేర్చుకున్నారు. ముక్కూ ముఖమూ తెలియనివారి ముందు నిలబడి వారిని తన మాట వినేలా చేయడం ఆమెకు అక్కడే అలవడింది.

1936లో రాబర్ట్ వైజ్‌ను వివాహం చేసుకున్నారు. కాపురం డెట్రాయిట్ ప్రాంతానికి మారింది. జెర్రీ అనే కుమారుడు పుట్టాడు. సంసారం సాఫీగా సాగలేదు. 1940ల తొలినాళ్లలోనే విడాకులయ్యాయి. ఒంటరి తల్లిగా ఆమె ఒక విమాన పరికరాల సంస్థలో కార్యదర్శిగా పనిచేస్తూ బిడ్డను పెంచారు.

అదే కాలంలో ఆమె డెట్రాయిట్ న్యూస్ పత్రికలోని పాఠకుల శీర్షికకు మందారం అనే అర్థం వచ్చే కలం పేరుతో రాసేవారు. ఆ రాతల్లో ప్రేమగల భర్త, ముచ్చటైన ఇల్లు, కొరతలేని జీవితం కనిపించేవి. అవేవీ ఆమెకు లేవు. ఆమె జీవితచరిత్ర రాసినవారు దీనిని ఒక వింత ముచ్చటగా చెప్పి ముందుకు సాగిపోతుంటారు. తర్వాత ఆమె చేసిన పనికి తాళంచెవి ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. తన ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా పదిమందికి చూపించలేని స్త్రీ మనసు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయింది.

మూత పెట్టడం తెలియని డబ్బా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆమె స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ అనే సంస్థ సరుకులు అమ్మడం మొదలుపెట్టారు. నేల తుడిచే కర్రలు, బ్రష్షులు, శుభ్రపరిచే సామగ్రి అందులో ప్రధానం. ఒక గృహిణి ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి వస్తువులు చూపించే పద్ధతి ఆ సంస్థలో 1930ల నుంచే ఉంది. కాబట్టి హోమ్ పార్టీని కనిపెట్టినది బ్రౌనీ వైజ్ కాదు. అమ్మకాల్లో త్వరగా పైకి వచ్చిన ఆమె, ఆ సంస్థ యాజమాన్యంలో చోటు ఆశించారు. స్త్రీలకు అక్కడ స్థానం లేదన్న సమాధానం ఆమెకు ఎదురైందని చరిత్రకారులు రాశారు.

ఆ సమయంలో మరోచోట ఒక మంచి వస్తువు అమ్ముడుపోక మూలుగుతోంది. న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన ఎర్ల్ టప్పర్ పాలిథిలిన్‌ను శుద్ధిచేసి తేలికైన, పగలని గిన్నెలు తయారుచేశారు. రంగు డబ్బా మూత నుంచి స్ఫూర్తి పొంది, గాలి చొరబడని మూతను రూపొందించారు. 1940ల మధ్యలో అవి దుకాణాలకు వచ్చాయి. పత్రికలు మెచ్చుకున్నాయి. జనం కొనలేదు. కొన్నవారిలో కొందరు మూత సరిపోవడం లేదంటూ తిరిగి తెచ్చారు. మూత మధ్యలో నొక్కి, అంచును కాస్త ఎత్తి లోపలి గాలిని బయటికి పంపితేనే అది బిగుసుకుంటుంది. ఆ సంగతి దుకాణం అరలో కూర్చున్న డబ్బా తానుగా చెప్పలేదు.

ఇంట్లో చేతికిచ్చి చూపిస్తే ఆ పని అర నిమిషంలో తెలుస్తుంది. బ్రౌనీ వైజ్ డెట్రాయిట్‌లో స్టాన్లీ పద్ధతిలోనే ఈ గిన్నెలు అమ్మసాగారు. 1950లో కుమారుడితో, తల్లితో ఫ్లోరిడాకు మారి అక్కడా అదే కొనసాగించారు. సరుకు సమయానికి రాక విసిగిపోయిన ఆమె 1951లో నేరుగా టప్పర్‌కే ఫోన్ చేశారు. ఆ గొడవతో మొదలైన పరిచయం కొద్దివారాల్లో ఉద్యోగంగా మారింది. అదే సంవత్సరం టప్పర్ తన సరుకును దుకాణాల నుంచి ఉపసంహరించి, ఇళ్లలో మాత్రమే అమ్మాలని నిర్ణయించారు. అందుకోసం ఏర్పడిన విభాగానికి బ్రౌనీ వైజ్ ఉపాధ్యక్షురాలయ్యారు.

అమ్మకం కంటే తేదీ ముఖ్యం

బయటి నుంచి చూసేవారికి ఈ వ్యాపారం డబ్బాలు అమ్మడంగా కనిపిస్తుంది. లోపల ఉన్నవారికి అది తేదీలు సంపాదించే వ్యాపారం. ఒక పార్టీకి వచ్చిన అతిథుల్లో ఒక్కరైనా తమ ఇంట్లో మరో పార్టీకి ఒప్పుకుంటే డీలరు పని ఆగదు. ఇద్దరు ఒప్పుకుంటే పని పెరుగుతుంది. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ రోజు ఎన్ని డబ్బాలు అమ్ముడైనా వచ్చే వారం ఖాళీయే. డీలరుకు జీతం లేదు, అమ్మిన దానిమీద వచ్చే లాభమే ఆదాయం. అందుకే అతిథి నోట వచ్చే ఒక్క వద్దులే అన్న మాట ఆమెకు ఒక వారం కూలితో సమానం.

ఈ చిక్కును విప్పడానికి 1950లలో టప్పర్‌వేర్ డీలర్లు అనుసరించిన పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది క్యారెట్ల ముచ్చట. డీలరు ఒక వీధిలోకి వెళ్లి తలుపు తట్టేది. పార్టీ పెట్టమని అడిగేది కాదు, కొనమనీ అడిగేది కాదు. కొన్ని క్యారెట్లను తన డబ్బాలో, మరికొన్నింటిని ఇంట్లో మామూలుగా ఉంచుకునే పాత్రలో పెట్టి, ఏవి తాజాగా ఉంటాయో గమనించి చెప్పమని కోరేది. కొన్నాళ్లకు తిరిగి వచ్చేది. ఈలోగా ఆ ఇల్లాలు కొనుగోలుదారు స్థానం నుంచి పరీక్ష చేసిన మనిషి స్థానానికి వచ్చేది. తాను చూసినదాన్ని నలుగురికి చెప్పాలని ఆమెకే అనిపించే వేళకు, పార్టీ అన్న మాట వచ్చేది. పెద్ద కోరికను ముందే గడపలో పెట్టక, కాదనడానికి కారణం లేని చిన్న కోరికతో లోపలికి వెళ్లడమన్నమాట.

ఇక అసలు అభ్యంతరాల సంగతి. ఇల్లు బాగాలేదన్న మాట అన్నిటికంటే లోతైనది. దానికి మీ ఇల్లు చక్కగానే ఉందని పొగడ్త చెబితే ప్రయోజనం ఉండదు, ఆ మాట అన్నవారికి తమ ఇల్లు ఎలా ఉందో తెలుసు. అడిగే పనినే చిన్నది చేయడం ఒక్కటే దారి. అయిదారుగురు వచ్చినా చాలు, విందు అక్కరలేదు, కాఫీ బిస్కెట్లు చాలు, చూపించే పని, లెక్కలు రాసే పని డీలరువి. ఆ ఇల్లాలు చేయవలసింది పిలవడం మాత్రమే. దానికి ప్రతిఫలంగా, ఆ సాయంత్రం జరిగిన అమ్మకాన్ని బట్టి, కుదిరిన కొత్త తేదీలను బట్టి ఆమెకు బహుమతి అందేది. తన సంపాదనంటూ లేని ఇల్లాలికి, భర్తను డబ్బు అడగకుండా చేతికి వచ్చిన వస్తువు అది.

భర్త ఒప్పుకోడన్న అభ్యంతరాన్ని ఆనాటి అమెరికాలో తేలిగ్గా కొట్టివేయడానికి లేదు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన లక్షలాది స్త్రీలను యుద్ధం ముగియగానే ఇళ్లకు పంపివేశారు. వంటింట్లోనే ఉండటం మంచి భార్య లక్షణమని పత్రికలు, ప్రకటనలు ఊదరగొడుతున్న కాలం. ఈ పార్టీలు ఆ నీతిని ఎదిరించలేదు. ఇంట్లోనే ఉంటూ, పిల్లలు బడికి వెళ్లినప్పుడో నిద్రపోయాకో చేసుకునే పనిగా కనిపించాయి. వ్యాపారం బాగా పెరిగినచోట భార్యాభర్తలిద్దరినీ కలిపి పంపిణీదారులుగా నియమించడాన్ని కంపెనీ ఇష్టపడింది. పార్టీల్లో ఆడించే ఆటల్లో ఒకటి, భర్తను అమ్మకానికి పెడుతూ ప్రకటన రాయడం. నవ్వులాటగా కనిపించినా, బయట చెప్పుకోలేని మాటలు ఎన్నో ఆ కాగితాల మీదకు వచ్చి ఉంటాయనిపిస్తుంది.

పండుగ వెళ్లాక చూద్దామన్న మాట వేరు రకం. అది వద్దనడం కాదు, మర్యాదగా తప్పుకోవడం. అటువంటప్పుడు ఎప్పుడు వీలవుతుందని అడిగితే ఎప్పటికీ కాదు. మంగళవారమా శుక్రవారమా అని రెండు రోజులు ముందుంచి ఒకటి ఎంచుకోమనడం ఈ వ్యాపారంలో పాతబడిన ఉపాయం. పని జరిగే తీరు తెలిసినవారు మరో మాట కూడా చెబుతారు. మొదట వినిపించే కారణం సాధారణంగా అసలు కారణం కాదు. తీరిక లేదన్నవారి వెనుక, పిలిస్తే ఎవరూ రారేమోనన్న భయం దాగి ఉండవచ్చు. దానికి ఉపాయాలు పనిచేయవు. పిలవవలసిన పేర్లను పక్కన కూర్చుని రాయించాలి. అప్పుడు ఆ జాబితా తాను అనుకున్నంత చిన్నది కాదని ఆమెకు తెలుస్తుంది.

నిండుగా ద్రవం పోసి మూత బిగించిన గిన్నెను గది ఈ చివర నుంచి ఆ చివరికి విసరడం బ్రౌనీ వైజ్‌కు ఇష్టమైన ప్రదర్శన. ఒక్క చుక్క కారేది కాదు. వస్తువు మీద ఉన్న అనుమానానికి అంతకు మించిన జవాబు అక్కరలేదు. మిగతా అనుమానాలన్నీ మనుషుల గురించి.

పేరంటానికీ పార్టీకీ మధ్య

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి పూర్తిగా కొత్తగా తోచదు. శ్రావణమాసపు పేరంటానికి ఇరుగుపొరుగును పిలిచి, శనగలూ తాంబూలమూ ఇచ్చి పంపుతాం. మన ఇంటికి వచ్చినవారు పిలిస్తే మనమూ వెళ్లాలి. ఆ రుణం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి సాగుతూనే ఉంటుంది. హోమ్ పార్టీ నిలిచేది సరిగ్గా ఈ రుణం మీదనే. తేడా ఏమిటంటే, పేరంటంలో ఎవరు ఎంత ఖర్చుపెట్టారో ఎవరూ పుస్తకంలో రాయరు.

ఆ పుస్తకం తెరిచిన చోటే ఇబ్బంది కూడా మొదలవుతుంది. స్నేహితురాలు పిలిచిందని వెళ్లి, ఏదీ కొనకుండా రావడం కష్టం. జోనాథన్ ఫ్రెంజెన్, హ్యారీ డేవిస్ అనే పరిశోధకులు 1990లో ఇటువంటి ఇంటి పార్టీలను అధ్యయనం చేసి, పిలిచిన మనిషితో ఉన్న బంధం కొనుగోలును బలంగా ప్రభావితం చేస్తుందని చూపారు. అందువల్ల అభ్యంతరాన్ని అధిగమించడమనే మాటను కాస్త జాగ్రత్తగా వాడాలి. భయంతో అన్న వద్దు వేరు, ఆలోచించి చెప్పిన వద్దు వేరు. మొదటిదాన్ని తొలగించవచ్చు. రెండోదాని దగ్గర ఆగిపోవాలి.

భారతదేశంలో ఈ ఆగిపోవలసిన గీతను చట్టమే కొంతవరకు గీసింది. 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ (ప్రత్యక్ష విక్రయం) నిబంధనల ప్రకారం, గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా విక్రేత వినియోగదారు ఇంటికి వెళ్లకూడదు. పిరమిడ్ పథకాలను, మనీ సర్క్యులేషన్ పథకాలను ఈ నిబంధనలు నిషేధించాయి. సరుకు అమ్మకం పేరుతో కొత్త సభ్యులను చేర్చడం మీదే డబ్బు తిరిగే పథకాలవి. ఇల్లు ఇవ్వమని అడిగేవారు డబ్బాల గురించి మాట్లాడుతున్నారా, చేరికల గురించి మాట్లాడుతున్నారా అన్నది గమనిస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది.

కిసిమీలో వెలుగు, నీడ

ఫ్లోరిడాలోని కిసిమీలో కంపెనీ ప్రధాన కార్యాలయం నిర్మించాక బ్రౌనీ వైజ్ పేరు దేశమంతటా మోగింది. 1954 ఏప్రిల్‌లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంపై ఆమె కనిపించారు. ఆ పత్రిక ముఖచిత్రం మీదకు వచ్చిన తొలి మహిళ ఆమె. అప్పటికి డీలర్లు, మేనేజర్లు, పంపిణీదారులు కలిసి సుమారు 20,000 మంది ఆ వ్యవస్థలో ఉన్నారు.

అదే ఏడాది జూబిలీ పేరుతో డీలర్ల వార్షిక సమావేశాలు మొదలయ్యాయి. కార్యాలయ ఆవరణలో బహుమతులను నేలలో పాతిపెట్టి, పార ఇచ్చి తవ్వుకోమన్నారు. తన సొంత దుస్తులను సైతం ఆమె బాగా పనిచేసినవారికి బహుమతిగా ఇచ్చేవారు. టప్పర్ తొలిరోజుల ప్రయోగాల నాటి నల్లని ప్లాస్టిక్ ముద్దను వెంట తెచ్చి, దానిని తాకి కోరిక కోరుకోమని డీలర్లకు చెప్పేవారు. ఇదంతా ఆర్భాటమని విమర్శించడం తేలిక. ఇంటి పనికి ఒక్కరూ శభాష్ అనని జీవితాల్లోంచి వచ్చిన స్త్రీలకు, వేదిక మీద తమ పేరు పిలవడం ఎంత పెద్ద విషయమో కిసిమీకి దూరంగా ఉన్న విమర్శకులకు తెలియకపోవచ్చు.

టప్పర్ జనానికి దూరంగా ఉండే మనిషి. పత్రికల్లో తన గిన్నెల కంటే ఆమె ఫొటోలు ఎక్కువగా రావడం ఆయనకు రుచించలేదు. ఖర్చుల గురించి, నిర్ణయాల గురించి ఉత్తరాలు ఘాటెక్కాయి. 1957 జూబిలీలో, సరస్సు మధ్యనున్న ఆమె సొంత దీవిలో విందు జరుగుతుండగా తుఫాను గాలి విరుచుకుపడింది. అతిథులను ఒడ్డుకు చేర్చే క్రమంలో పడవలు ఢీకొని పలువురు గాయపడ్డారు. కంపెనీపై దావాలు పడ్డాయి.

1958 జనవరిలో ఆమెను తొలగించారు. ఆమె పేరిట కంపెనీలో ఒక్క వాటా కూడా లేదు. నివసిస్తున్న ఇల్లు కంపెనీది. ఎదుటివారి నోటి మాటను తేదీగా కాగితం మీద పెట్టించడమే ప్రాణమైన వ్యాపారాన్ని నడిపిన మనిషి, తన వాటాను మాత్రం ఏ కాగితం మీదా పెట్టించుకోలేదు. కోర్టుకు వెళ్లారు. చివరికి దక్కింది ఒక ఏడాది జీతానికి సమానమైన సుమారు 30,000 డాలర్లు. అదే ఏడాది టప్పర్ కంపెనీని రెక్సాల్ సంస్థకు 1.6 కోట్ల డాలర్లకు అమ్మివేశారు. ఆయన తర్వాత అమెరికా పౌరసత్వం వదులుకుని, 1983లో కోస్టారికాలో మరణించారు.

బ్రౌనీ వైజ్ సిండరెల్లా పేరుతో సౌందర్య సాధనాల పార్టీ కంపెనీ ప్రారంభించారు. అది ఎంతోకాలం నిలవలేదు. మరికొన్ని ప్రయత్నాలు చేశారు, ఫలించలేదు. కిసిమీని విడిచి వెళ్లలేదు. తనను మరచిపోయిన కార్యాలయం ఉన్న ఊళ్లోనే మట్టి బొమ్మలు, పాత్రలు చేసుకుంటూ, చర్చి పనుల్లో పాలుపంచుకుంటూ మూడు దశాబ్దాలకు పైగా జీవించారు. 1992 సెప్టెంబరులో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆమె మరణించిన నాలుగేళ్లకు, 1996లో టప్పర్‌వేర్ భారతదేశానికి వచ్చింది. స్టీలు డబ్బాలు వరుసగా మెరిసే వంటిళ్లలో, ప్లాస్టిక్ డబ్బాకు ఇంత ధరా అని ముక్కున వేలేసుకున్న ఇల్లాళ్ల మధ్య, అవే పార్టీలు, అవే ఆటలు మళ్లీ మొదలయ్యాయి. 2024 సెప్టెంబరులో అమెరికాలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది.

బ్రౌనీ వైజ్ ఉత్తరాలు, ఉపన్యాసాలు, ఫొటోలు ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికన్ చరిత్ర జాతీయ మ్యూజియం భాండాగారంలో ఉన్నాయి. ఎవరైనా ముందుగా సమయం అడిగి, వెళ్లి చూడవచ్చు.